ఇంటి దస్తావేజులు అడిగిన ఎంబీఏ

ఎంబీఏ చేయమంటారా అని మా ఊరి పిల్లలెవరైనా ఫోన్ చేస్తే, కాలేజీ పేరు విన్న వెంటనే నేను అడిగేది ఒకటే. చదువు అప్పుకి బ్యాంకు ఏం తాకట్టు అడిగింది? ఫీజు ఎంతో, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయో తర్వాత మాట్లాడుకుందాం అంటాను. కాలేజీ తన గురించి తాను గొప్పగానే చెప్పుకుంటుంది. కోచింగ్ సెంటరూ అంతే. పదేళ్ల పాటు తన సొమ్ము ఇరికించుకునే బ్యాంకు మాత్రం ఆ పట్టా సంపాదించి పెడుతుందని నమ్మితే ఒక రకంగా, నమ్మకపోతే ఇంకో రకంగా మాట్లాడుతుంది. ఈ తేడా నాకు 2015లో తెనాలిలో ఒక బ్యాంకు మేనేజరు గారి బల్ల ముందు తెలిసింది.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు చేతికి 31 వేలు వచ్చేవి. అమెరికాలో సూపర్ మార్కెట్లు నడిపే ఒక సంస్థకి సరుకు నిల్వల లెక్కలు చూసే ప్రోగ్రాం మా బృందం చేతిలో ఉండేది. ఏ గోదాములో ఏ సరుకు ఎంత ఉంచాలో నిర్ణయించేవాళ్లు వేరు, ఆ నిర్ణయాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే మేము వేరు. నాకు మొదటి రకం పని కావాలనిపించింది. మనవైపు ఎంబీఏ కొత్త చదువేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1957లోనే మొదలైంది. ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివి స్థిరపడినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కాకపోతే నేను కోరుకున్న ఉద్యోగాలిచ్చే కంపెనీలు క్యాట్ ద్వారా పిల్లల్ని చేర్చుకునే కాలేజీలకే ఎక్కువగా వెళ్లేవి. అందుకే క్యాట్ రాశాను.

మొదటిసారి ఐఐఎం రాలేదు. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు 13 లక్షలు, హాస్టలూ భోజనమూ కలిపితే 15 దాటుతుంది. నాన్నా నేనూ బ్యాంకుకి వెళ్లాం. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి కాగితాలు పెట్టాలన్నారు మేనేజరు గారు. కొల్లిపరలో అమ్మ పేరు మీద ఎకరం ఉందని నాన్న చెప్పాడు. అమ్మకి పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం అది. మేనేజరు గారు వద్దన్నారు. బాకీ వసూలుకి కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకని, "పొలం కాగితాలు మాకెందుకు సార్, టౌన్లో ఇల్లుంది కదా, దాని దస్తావేజులు తెండి" అన్నారాయన.

ఆయన బల్ల మీద కాలేజీల జాబితా ఒకటి ఉంది. ఐఐఎంలు, ఎక్స్‌ఎల్ఆర్ఐ లాంటివి అందులో ఉన్నాయి. వాటిల్లో సీటు వస్తే ఎంత తాకట్టు పెట్టాలని అడిగాను. అక్కర్లేదమ్మా అన్నారు. తండ్రి సంతకం చాలట, 20 లక్షలైనా ఇస్తారట. "వాటికి మీ అమ్మాయి జీతం చూసి ఇస్తాం సార్. మిగతావాటికి మీ ఆస్తి చూసి ఇస్తాం" అని నాన్నకి మామూలుగా చెప్పేశారు. నాకు మాత్రం ఆ మాట తర్వాత మిగతా సంభాషణ చెవికెక్కలేదు. ఒకే అమ్మాయి, అదే మార్కులు, అదే అనుభవం. కాలేజీ పేరు మారగానే నా రెండేళ్ల చదువుని నమ్మి ఇచ్చే అప్పు కాస్తా మా ఇంటిని నమ్మి ఇచ్చే అప్పు అయిపోయింది.

ఆ కాలేజీ నుంచి అంతకు ముందు ఏడాది బయటికొచ్చినవాళ్లు ఎవరున్నారా అని వెతికి మాట్లాడాను. కాలేజీ పుస్తకంలో సగటు ప్యాకేజీ ఎనిమిదిన్నర లక్షలని ఉంది. సగటు అంకెను నలుగురైదుగురు పెద్ద జీతగాళ్లు పైకి లాగేస్తారు. అడగాల్సింది వరసలో సరిగ్గా నడుమ నిలబడ్డ విద్యార్థి జీతం, ఆ తర్వాత చివర నిలబడ్డవాళ్ల జీతం. నాతో మాట్లాడినవాళ్లలో చాలామందికి నెలకు చేతికొచ్చేది 45 వేల లోపే. 15 లక్షల అప్పు, పదిన్నర శాతం వడ్డీ. చదువుతున్నప్పుడూ ఉద్యోగం వెతుక్కునే నెలల్లోనూ పేరుకున్న వడ్డీ కలిస్తే అసలు పదిహేడున్నర లక్షలు అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 30 వేలకు దగ్గర. ముంబైలోనో బెంగళూరులోనో గది అద్దె కట్టుకుంటూ 45 వేలల్లోంచి 30 వేలు ఎవరూ కట్టలేరు. అప్పుడు కట్టాల్సింది నాన్న. నాన్న స్కూలు టీచరు, రిటైర్మెంటుకి మూడేళ్లే ఉంది. లెక్క వేస్తే నా మొదటి ఈఎంఐ, ఆయన ఆఖరి జీతం దాదాపు ఒకే కాలంలో వచ్చేలా ఉన్నాయి.

ఇంట్లో వాదన చాలా రోజులు నడిచింది. "పిల్ల చదువుకి అక్కరకు రాని ఇల్లు ఎందుకమ్మా" అన్నాడు నాన్న. అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "బ్యాంకు గోలెందుకు, నా ఎకరం అమ్మేయండి" అంది. దుగ్గిరాల యార్డులో పసుపు ధర బాగున్న ఏడు కౌలు కాస్త ఎక్కువ వచ్చేది, లేని ఏడు తక్కువ వచ్చేది. ఎంత వచ్చినా, ఎవరికీ లెక్క చెప్పకుండా అమ్మ ఖర్చుపెట్టుకోగల డబ్బు అదొక్కటే. తన తల్లికి మందులు దాంతోనే కొనేది. ఆ పొలం నా చదువులోకి వెళ్లిపోతే, నాకెంత జీతం వచ్చినా నెలనెలా అమ్మ నన్ను అడిగి తీసుకోవాల్సి వస్తుంది. నాకది ఇష్టం లేదు. ఇప్పటికీ ఈ విషయంలో నా మాట మారలేదు. ఆడవాళ్ల పేరు మీద ఉన్న కొద్దిపాటి భూమిని పిల్లల చదువుకని ముందుగా అమ్మించే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. అమ్మిన తర్వాత ఆవిడకి తిరిగి భూమి కొనిపెట్టిన పిల్లల్ని నేను చాలా తక్కువమందిని చూశాను.

సీటు వదిలేశాను. ఉద్యోగంలోనే ఉండి మళ్లీ క్యాట్ రాశాను. ఆ ఏడాది నెలకు 15 వేలు పక్కన పెట్టి, పాత పొదుపుతో కలిపి మూడు లక్షలు పోగుచేశాను. 2016లో కొత్త ఐఐఎంలలో ఒకదాంట్లో సీటు వచ్చింది. అదే శాఖ, అదే మేనేజరు గారు. ఆడపిల్లలకిచ్చే అర శాతం రాయితీ పోను పది శాతం వడ్డీకి 13 లక్షలు మంజూరు చేశారు. దస్తావేజులు అడగలేదు. నేను చేరేటప్పటికి అది పీజీ డిప్లొమా మాత్రమే. 2018 జనవరి 31న ఐఐఎంల చట్టం అమల్లోకి వచ్చాక మా బ్యాచ్ చేతికి ఎంబీఏ పట్టా వచ్చింది. పట్టా మీద ఏ పేరుంటుందని అప్పిచ్చేటప్పుడు బ్యాంకు అడగనే లేదు.

తాకట్టు లేకపోయినా సహ రుణగ్రహీతగా నాన్న సంతకం ఉంది. నాకేదైనా అయితే బాకీ ఆయన మీద పడుతుంది. అందుకని కాలేజీలో చేరకముందే, జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే, 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకుని నాన్నని నామినీగా పెట్టాను. జీతం లేనివాళ్లకి అంత పెద్ద పాలసీ దొరకడం కష్టం. బ్యాంకువాళ్లు అప్పుకి జతచేసి అమ్మే పాలసీలో బాకీతో పాటు రక్షణ కూడా తగ్గుతూ పోతుంది. విడిగా తీసుకున్న టర్మ్ పాలసీ అలా తగ్గదు, అప్పు తీరాక కూడా ఉంటుంది.

చదువు అప్పులో చాలామంది పట్టించుకోని భాగం మారటోరియం. చదువైపోయి మరికొన్ని నెలలు గడిచేదాకా ఏమీ కట్టక్కర్లేదని చెబుతారు. కట్టక్కర్లేదన్నది నిజమే. అన్నాళ్లూ బారువడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఆఖర్న అసల్లో కలుస్తుంది. నా 13 లక్షలు టర్ము టర్ముకీ విడుదలయ్యాయి. నేనేమీ కట్టకుండా కూర్చుంటే ఈఎంఐ మొదలయ్యేనాటికి రెండు లక్షల పాతిక వేల దాకా వడ్డీ పేరుకునేది. ఏడేళ్ల కిస్తీల్లో ఆ రెండు లక్షల పాతిక వేలూ మూడు లక్షల పైచిలుకు అయ్యేవి. నా పొదుపు మూడు లక్షల్లోంచి ప్రతి నెలా ఆ నెల వడ్డీ కట్టేశాను. మొదట్లో నెలకు రెండు వేల లోపు, చివరికి పది వేలు దాటింది. వేసవి ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండూ అందులోకే వెళ్లింది. చదువు ముగిసేలోపు కట్టిన వడ్డీ మొత్తం లక్షా నలభై వేలకు దగ్గర. ఉద్యోగంలో చేరేనాటికి నా బాకీ సరిగ్గా 13 లక్షలే ఉంది. మారటోరియంలో వడ్డీ కట్టేవాళ్లకి ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి. అప్పు తీసుకునే రోజే అడగాలి.

ఇక్కడ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80ఈ సంగతి ఒకటుంది. చదువు అప్పు మీద కట్టిన వడ్డీ ఎంతైనా సరే, ఆదాయంలోంచి తీసేసి చూపించుకోవచ్చు. అసలుకి ఈ వెసులుబాటు లేదు. బ్యాంకు, గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ లాంటి చోట తీసుకున్న అప్పుకే వర్తిస్తుంది, మేనమామ దగ్గర నోటు రాసి తెచ్చుకున్న దానికి వర్తించదు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల వరకే. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టడంతో నా ఎనిమిదేళ్లలో రెండేళ్లు జీతం లేని కాలంలో గడిచిపోయాయి. మిగిలిన ఆరేళ్లలోపే అప్పు తీర్చేయాలని ముందే అనుకున్నాను కాబట్టి దాని గురించి బెంగపడలేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపు లేదు. ఇప్పుడు ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది కాబట్టి నేటి పిల్లలు ఈ లెక్క మొదటి నుంచి వేసుకోవాలి.

ఒక వినియోగ వస్తువుల కంపెనీలో సరఫరా విభాగంలో ఉద్యోగం వచ్చింది. కాగితం మీద 14 లక్షలు. అందులో చేరినప్పుడు ఒక్కసారి ఇచ్చే బోనసు, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా అన్నీ ఉన్నాయి. నెలకు చేతికి వచ్చింది 85 వేలు. ఈఎంఐ ఇరవై ఒకటిన్నర వేలు. నేను 35 వేలు కట్టాను. పన్ను మినహాయింపు ఉంది కదా, మెల్లిగా తీర్చి మిగిలింది మ్యూచువల్ ఫండ్లలో పెట్టమని స్నేహితులు గట్టిగా చెప్పారు. పది శాతం వడ్డీ, 20 శాతం పన్ను శ్లాబు. మినహాయింపు పోను నాకు నికరంగా పడేది ఎనిమిది శాతం. అప్పట్లో పెద్ద బ్యాంకుల డిపాజిట్లేవీ అంత ఇచ్చేవి కావు. ఫండ్లు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. రిటైరైన నాన్న సంతకం ఇంకా బ్యాంకులో ఉండగా ఆ ఇవ్వొచ్చు మీద ఆధారపడడం నాకు నచ్చలేదు. నాలుగేళ్ల లోపే బాకీ తీరింది. అప్పు లేదని బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం తీసుకుని, కొన్నాళ్లాగి సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు కనిపిస్తోందా లేదా అన్నదీ చూసుకున్నాను.

ఈ ఏడాది మా పిన్ని కొడుకు అదే మలుపు దగ్గర ఉన్నాడు. ఐసెట్‌లో వాడికి ఒక విశ్వవిద్యాలయ కాలేజీలో సీటు వస్తుంది. ఫీజు తక్కువ, ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. ఇంకో పక్క 16 లక్షల ప్రైవేటు పీజీడీఎం. ప్రభుత్వ బ్యాంకు ఆస్తి అడిగింది. అయితే కాలేజీవాళ్లే ఒక ఫైనాన్స్ కంపెనీని చూపించారట. "తాకట్టు అక్కర్లేదంట అక్కా, మరి నీ పరీక్షలో నెగ్గినట్టేగా" అన్నాడు. వడ్డీ ఎంతరా అంటే 13 శాతం అన్నాడు. ఆస్తి అడగనివాడు ఆ భయాన్ని వడ్డీలో కలిపి వసూలు చేస్తాడు. 16 లక్షలకి ఏడేళ్లకి పది శాతం అయితే ఈఎంఐ ఇరవై ఆరున్నర వేలు, 13 శాతం అయితే 29 వేలు. మొత్తం మీద రెండు లక్షల పైన తేడా. ఆ తేడా ఎందుకు కట్టాల్సి వస్తోందో వాడే ఆలోచించుకోవాలన్నాను.

2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. ఎంపిక చేసిన సంస్థల్లో (ఆమోదం నాటికి 860) సీటొచ్చినవాళ్లకి తాకట్టూ పూచీదారూ లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉంటే, పది లక్షల అప్పు దాకా మారటోరియంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకులే ఆ ఎంపికకి ప్రధాన ఆధారం. వాడి పీజీడీఎం కాలేజీ ఆ జాబితాలో లేదు. జాబితాలో లేని కాలేజీలన్నీ చెడ్డవని నేననను. ఐసెట్ సీట్లు, ఇగ్నో ఎంబీఏ, ఉద్యోగం చేసుకుంటూ చదివే సాయంత్రం కోర్సులు ఫీజు తక్కువ కాబట్టి అప్పు అవసరమే పడనివి. వాటిల్లో చదివి పైకొచ్చినవాళ్లు నాకు తెలుసు. నా భయమంతా ఆ నడుమ వరస గురించి. ఫీజు ఐఐఎంకి దగ్గర్లో, బ్యాంకు నమ్మకం మాత్రం ఇంటి మీద ఉండే కాలేజీలు అవి. మన బీరువాల్లో ఉండాల్సిన దస్తావేజులు బ్యాంకులకి చేరేది ఎక్కువగా వాటికోసమే.

ప్రైవేటు కాలేజీవాళ్లు ఈ నెలాఖరులోగా సీటు ఖాయం చేసుకోవడానికి లక్ష కట్టమన్నారు. కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉంటే, కోర్సు మొదలవకముందు మానుకున్నవాళ్లకి వెయ్యి రూపాయలకు మించి కోసుకోకుండా ఫీజు తిరిగివ్వాలి. ఆ మాట కాలేజీ నుంచి మెయిల్లో రాయించుకుని, పోయినేడు బయటికొచ్చినవాళ్లలో కనీసం నలుగురి జీతం స్లిప్పుల సంగతి కనుక్కుని, అప్పుడు కట్టాలో వద్దో చెప్పమన్నాను. పిన్ని బంగారం మాట ఎత్తవద్దని కూడా అన్నాను. ఇప్పటికి ఇద్దరితో మాట్లాడాడు.