అంతా గ్యాసే!

కడుపుతో ఉన్న పిల్ల నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు క్షణంలో రోగం తేల్చేస్తారు: గ్యాస్. ముందు వాము నీళ్లు, తర్వాత సోడా, దానికీ తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ గారి సూది. మా దగ్గరికి వచ్చేసరికి తెల్లారుతుంది.

ఎనిమిదో నెల అమ్మాయి ఒకతె ఇలాగే వచ్చింది. కుడి పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, తలపోటు. "రాత్రి గారెలు తిందండీ, గ్యాస్ పట్టేసింది" అని అత్తగారు నాకంటే ధీమాగా చెప్పింది. బీపీ 170/110. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. కార్డు తిరగేస్తే చివరి రెండు నెలల బీపీ గళ్లు ఖాళీ. "బాగానే ఉంది కదా అని తీసుకురాలేదండీ" అన్నాడు భర్త. బాగానే ఉందని ఎవరు చూశారయ్యా? బీపీ పెరిగేటప్పుడు చెప్పి పెరగదు. అది కాలేయం దాకా పోయి నొప్పి పుట్టిస్తే, దానికి మీరు సోడా పట్టిస్తారు! ప్లేట్‌లెట్లు అప్పటికే 60 వేలకు పడిపోయాయి. బీపీ దించాం, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించాం, కాన్పు చేశాం. బిడ్డ కిలోన్నర. ఇద్దరూ దక్కారు. బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉన్నన్నాళ్లూ అత్తగారు ఆ అద్దం దగ్గర్నుంచి కదల్లేదు. అలాంటి మనిషి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది?

అన్ని నొప్పులకీ హడలిపోనక్కర్లేదు. గర్భసంచి పెరిగేకొద్దీ దాన్ని పట్టి ఉంచే బంధనాలు లాగి, గబుక్కున లేస్తే గజ్జల్లో చురుక్కుమంటుంది. పక్కకు తిరిగి పడుకుంటే పోతుంది. పోని నొప్పి సంగతి వేరు. నెల తప్పిన కొత్తలో ఒక పక్కన నొప్పి, దానికి తోడు భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ట్యూబులో గర్భం చిట్లిందేమోనని అనుమానించాలి. నెలలు నిండుతుండగా పొట్ట చెక్కలా బిగిసిపోతే మాయ విడిపోతోందేమో; బయటికి చుక్క రక్తం కనపడకపోవచ్చు. ఇక అపెండిక్స్ మమ్మల్నే ఏమారుస్తుంది. గర్భసంచి దాన్ని పైకి నెట్టేయొచ్చు. తెల్లకణాలు 15 వేలున్నా గర్భిణికి అది మామూలే కావచ్చు. అందుకే స్కాన్ అడుగుతాం.

అప్పుడు మొదలవుతుంది పేచీ. "స్కాన్ తీస్తే బిడ్డకు రేడియేషన్ కదండీ?" అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదమ్మా, ఎంఆర్‌ఐలోనూ ఉండదు. ఆపరేషన్ మాటెత్తితే ఏడుపులే. అపెండిక్స్ పగిలితే బిడ్డకు వచ్చే ముప్పు ఆపరేషన్ ముప్పుకంటే ఎన్నో రెట్లని ఎంత చెప్పినా చెవికెక్కదు. ఇంత జాగ్రత్తపరుల్ని ఒక్క మాట అడుగుతాను: "రాత్రి వేయించిన సూది ఏమిటమ్మా?"

"పేరు తెలీదండీ. పసుప్పచ్చగా ఉంటుంది. మా ఊళ్లో అందరికీ అదే వేస్తారు."