బడీ బీ పేరు

మా ఖాందాన్ షజ్రా అబ్బా స్వయంగా రాసింది. ఏడు తరాల మగవాళ్లున్నారు. ఆడవాళ్లది ఒక్క పేరూ లేదు. దాదా అక్క పేరేంటని అడిగితే, "అందరం బడీ బీ అనేవాళ్లం" అనేవారు అబ్బా.

ఇంగ్లండ్‌లో పూర్వీకుల్ని వెతికేవాళ్లు కౌంటీల్లోని పాత వీలునామాలు తిరగేస్తారు. 1858కి ముందువి చర్చి కోర్టుల కాగితాల్లో, తర్వాతవి సర్కారు ప్రొబేట్ రికార్డుల్లో ఉంటాయి. మంచం ఎవరికి, ఆవు ఎవరికి అని రాసిన చోట పేర్లు దొరుకుతాయి. అయితే 1882 చట్టం దాకా అక్కడ పెళ్లయిన ఆడమనిషి భర్త ఒప్పుకోకుండా వీలునామా రాయడం చాలావరకు కుదిరేది కాదు.

మన దారి వేరు. వసీయత్ మూడో వంతు దాటకూడదు, వారసులకు చెయ్యకూడదు. మిగతాదంతా షరియత్ వాటాల ప్రకారం పోవాల్సిందే. అందుకే మన ఆడవాళ్ల పేర్లు వసీయత్‌నామాల్లో కంటే ఖాజీ సాబ్ సియాహాలో మెహర్ పక్కన, విరాసత్ ఫైళ్లలో, తక్సీంనామాల్లో వెతకాలి. నిజాం కాలం చివరి దశవి ఉర్దూలో, అంతకంటే పాతవి ఫార్సీలో ఉంటాయి. నా తెలుగు డిగ్రీ ఉద్యోగమిచ్చింది గానీ, షికస్తా రాత చదవడానికి ఉర్దూ మీడియం బడే అక్కరకొచ్చింది.

అమ్మీ ట్రంకు పెట్టెలో ఒక స్టాంపు కాగితం మీద బడీ బీ అసలు పేరు కనిపించింది. తండ్రి పేరు, భర్త పేరు, కింద అంగూఠా. సంబరంగా చదివాను. అది దస్త్‌బర్దారీ. తండ్రి జాయదాద్‌లో తన హక్కును భాయిలకు ఖుషీగా వదిలేస్తున్నానని. ఆమె వాటా తీసుకోవడానికే మా వాళ్లకు ఆమె పేరు కావాల్సొచ్చింది.

అబ్బా ఇంతెఖాల్ అయి ఏడాది. ఇల్లు పంచుకోవాలి. "ఆపాలిద్దరూ సంతకం పెట్టేస్తార్లే, రివాజే కదా" అన్నారు చాచాలు. నేను కాగితం మీద లెక్క వేశా. అప్పులు, అమ్మీకి రావాల్సిన మెహర్ తీసేశాక 32 భాగాలు: అమ్మీకి 4, నాకు 14, ఆపాలకు ఏడేసి. సూరా నిసా 11, 12 ఆయత్‌ల లెక్క ఇది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే చెదలు పట్టకముందే తెరవండి. షజ్రాలో బేటీల పేర్లు కూడా రాయండి.

లెక్క విని పెద్ద ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా పేరు స్పెల్లింగ్ సరిగ్గా రాయించు" అంది.