కొట్టేసిన ఏళ్ళు

మా అమ్మాయి ఫోన్‌లో ఒక జపాన్ పాట పెట్టింది. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో మూడు తీగల షామిసెన్ చురుగ్గా మోగుతోంది. వాయిస్తున్నది ఒక యువతి, నినగావా బెని. పాడుతున్నదీ స్త్రీయే, సుజుహనా యూకో. పద్యాల్ని రాగయుక్తంగా చదివే షిగిన్ అనే పాత పద్ధతిలో తర్ఫీదైన గొంతు ఆమెది. సంప్రదాయ వాయిద్యాల్నీ రాక్ సంగీతాన్నీ కలిపిన ఆ వగక్కి బ్యాండ్ 2013లో మొదలై, 2024 చివర్లో ఆగింది.

"అమ్మా, ఆ చేతులు చూడు" అంది. చూశాను. అంతకు ముందు ఆ వాయిద్యాన్ని ఏ ఆడవాళ్ళు మోశారో తెలుసుకోవాలనిపించింది.

అలా పరిచయమయ్యారు గోజేలు. చూపులేని గాయనులు. మంచు ఎక్కువగా కురిసే నీగాతా ప్రాంతంలో, ముందు నడిచే ఆమె మూట మీద చెయ్యి వేసుకుని, ఒకరి వెనక ఒకరు ఊరూరా తిరిగేవారు. పగలు గడప గడపకీ పాటలు, రాత్రి ఆశ్రయమిచ్చిన ఇంట్లో సుదీర్ఘమైన కథాగేయాలు. 1900లో పుట్టిన కొబయాషీ హరు పసితనంలోనే చూపు పోగొట్టుకుని, అయిదేళ్ళకే గురువు దగ్గర చేరింది. గొంతు రాటుదేలడానికి గడ్డకట్టే చలిలో ఆరుబయట నిలబెట్టి పాడించేవారట. 1978లో ప్రభుత్వం ఆమె కళని అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 2005లో, 105 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఆమె రికార్డు విన్నాను. తీయదనం లేదు. తిన్నగా, బిగ్గరగా వచ్చే గొంతు. ఆడగొంతు తీయగా ఉండాలని మనకెవరు నేర్పారు?

గోజేలకి సొంత సంఘాలుండేవి. ఎన్నేళ్ళు సాధన చేస్తే అంత హోదా. కానీ మగవాడితో సంబంధం పెట్టుకుంటే కొన్ని ఏళ్ళు లెక్కలోంచి కొట్టేసేవారు. లేదా వెళ్ళగొట్టేవారు. చూపులేని ఆడవాళ్ళకి అన్నం పెట్టిన వ్యవస్థే అది. దాని కట్టుబాట్లని అమలు చేసిందీ ఆడవాళ్ళే.

అక్కడ నేను ఆగిపోయాను. నేను తొమ్మిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో పాడమన్నారు, పాడాను. పెళ్ళయ్యాక "ఇంకా పాటలేమిటమ్మా" అన్నారు మా అత్తగారు. మానేశాను. మగవాణ్ణి కోరుకున్నందుకు వాళ్ళకి ఏళ్ళు పోయాయి. పెళ్ళి చేసుకున్నందుకు నాకు పోయాయి. అత్తగారి మీద కోపం తెచ్చుకోవడం సులువే. కానీ ఆవిడకీ ఎవరో అలా కొట్టేసే ఉంటారు కదా! ఇక నా ఏళ్ళు నేనే కొట్టేసుకున్నానేమో అన్న అనుమానం మాత్రం నిద్రపోనివ్వదు.

"నువ్వు పాడేదానివా అమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. తనకి తెలియదు.

"తొమ్మిదేళ్ళు" అన్నాను. లెక్క చెప్పడం అదే మొదటిసారి.