ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారు?

ఆడవాళ్ళ ఇంటిచాకిరీని లెక్కలోకి తెచ్చిన ఘనత స్త్రీవాద పరిశోధకులది. అందులో నాకే అనుమానమూ లేదు. 2019 లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. (ఇది ఆ పని చేసేవాళ్ళ సగటు మాత్రమే. పుల్ల తీసి అవతల పెట్టని మహానుభావులు ఈ 97 లో లేరు, గమనించగలరు.)

నా పేచీ వేరే. మన భాషలో చెప్పాలంటే డేటా మోడల్ తో పేచీ. నేను చదివినవాటిలో చాలావరకు ఒక టేబుల్ లో 'సేవ చేసే స్త్రీలు', ఇంకో టేబుల్ లో 'ఆధారపడినవారు' ఉంటారు. పిల్లలు, ముసలివాళ్ళు, వికలాంగులు అందరూ ఆ రెండో దాంట్లోకే. ఒకే మనిషి రెండిట్లోనూ ఉండొచ్చు కదా అన్న ఊహ డిజైన్ లోనే లేదు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1980ల్లో బ్రిటన్ లో జానెట్ ఫించ్ లాంటి స్త్రీవాద పండితులు, వికలాంగుల్ని ఇళ్ళల్లోనే చూసుకోవాలనే ప్రభుత్వ విధానం వల్ల భారమంతా ఆడవాళ్ళ మీద పడుతోందన్నారు. నిజమే. దానికి విరుగుడుగా వికలాంగుల్ని సంస్థల్లో పెట్టి చూసుకోవడమే మేలన్నారు! జెన్నీ మోరిస్ దీన్ని 1991 లో తన పుస్తకంలో కడిగి పారేసింది. ఆవిడా స్త్రీవాదే, ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని వీల్ చెయిర్ లో ఉన్న మనిషి. ఆవిడ వాదన సారాంశం ఏంటంటే, మీరు 'స్త్రీలు' అన్నప్పుడు ఆ మాటలో మేం లేం, మేం మీకు స్త్రీల నెత్తిన ఉన్న బరువు మాత్రమే అని. మన దగ్గర చిన్నప్పుడే పోలియో వచ్చిన అనితా ఘాయ్, 2024 లో చనిపోయేవరకూ, మహిళా ఉద్యమంలో వికలాంగ స్త్రీకి చోటేదని అడుగుతూనే ఉంది.

పుస్తకాల సంగతి అలా ఉంచితే, నాకు ఇది బాగా తెలిసింది మైపాడు దగ్గరి పాళెంలో, మా అమ్మమ్మ వాళ్ళింట్లో. మా పెద్దమ్మకి పోలియో. నేల మీద చేతులు ఆనించుకుని జరుగుతుంది. మా అత్త తెల్లారకముందే గంపెత్తుకుని నెల్లూరికి పోతే, అత్త పిల్లలిద్దరినీ లేపి, తినిపించి, బడికి తోలేది పెద్దమ్మే. నెత్తళ్ళు ఏరి ఎండబెట్టడం, కాకులు తోలడం, వల చిరుగులు వెయ్యడం, చీటీ లెక్కలు... అన్నీ కూర్చున్నచోటే. కొన్నేళ్ళ కిందట మత్స్యకార మహిళల శ్రమ గురించి పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి వచ్చి మా అత్తతో రెండు గంటలు మాట్లాడింది. ఓపికగా, మర్యాదగా అడిగింది, ఆ పిల్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పెద్దమ్మ వంతు వచ్చేసరికి మాత్రం అత్తనే అడిగి 'ఆధారపడినవారు' అని రాసుకుంది. పెద్దమ్మ పక్కనే ఉంది. చేతిలో వల.

"నన్ను గూడా మీ అత్త మోసే గంపలో ఏసిందబ్బయా" అంది పెద్దమ్మ తర్వాత నాతో. నవ్వుతూనే అందిలెండి.

2018 జాతీయ వికలాంగుల సర్వేలో, మిమ్మల్ని చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్న అంశం ఉంది. ఉండాల్సిందే. దాని పక్కనే "మీరు ఎవర్ని చూసుకుంటున్నారు?" అని కూడా అడగాలి. అదీ ఇంట్లో వేరేవాళ్ళని కాదు, ఆ మనిషినే అడగాలి. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో కోటీ 18 లక్షల మంది వికలాంగ స్త్రీలున్నారు. మన టెస్టింగ్ లో వదిలేసే ఎడ్జ్ కేస్ కాదిది. ('దివ్యాంగులు' అని పేరు మార్చినంత తేలిక కాదనుకోండి ఈ ప్రశ్న చేర్చడం.)

ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మా తీరంలో మరపడవల వేట నిషేధం. పడవ పోదు, అత్త గంప లేవదు. ఆ రెండు నెలలూ ఇంట్లో ఒకటో తారీఖుకి ఠంచనుగా వచ్చే డబ్బు పెద్దమ్మ వికలాంగుల పెన్షనొక్కటే. 2024 జూలై నుంచి అది 6000 రూపాయలైంది. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, పిల్లల నోటుపుస్తకాలు అందులోంచే.