తలుపుకు అంటించిన కాగితం

మా నాన్నగారు కర్నూలు జిల్లా పడమటి కొసన కానిస్టేబులుగా పనిచేశారు. దొంగలను పట్టిన కథలేవీ ఆయన దగ్గర లేవు. కోర్టు నుంచి వచ్చిన సమన్లు, నోటీసులు సంచిలో వేసుకుని సైకిలు మీద ఊరూరా తిరిగి అందజేయడమే చాలా ఏళ్ళు ఆయన ఉద్యోగం.

1996 ఫిబ్రవరిలో ఒక సెలవురోజున నేనూ సైకిలు వెనక ఎక్కాను. కోసిగి వైపు ఒక పల్లె. సంక్రాంతి దాటితే ఆ ప్రాంతంలో సగం ఇళ్ళకు తాళాలే. వానాధారపు పంట చేతికి రాక, జనం గుంటూరు మిరపకోతలకు వెళ్ళిపోతారు. నేటికీ వెళుతూనే ఉన్నారు.

మేము వెతుకుతున్న మనిషి గట్టు తగాదా కేసులో బెయిలు మీద ఉన్నవాడు. ఆ బెయిలు రద్దు చేయమని పిటిషను పడింది; ఫలానా తేదీన వచ్చి జవాబు చెప్పుకోమని నోటీసు. ఇంట్లో అతని భార్య, చూపులేని అత్త ఉన్నారు. నాన్నగారు సంగతి చెప్పారు.

"మీ ఆయప్పకు కబురు పంపమ్మా."

"యా దోవన పంపేది సామీ? యా ఊర్లో దిగినారో మేస్త్రికి తప్ప ఎవురికీ తెల్దు."

ఇక్కడ చట్టం సంగతి కొంత చెప్పాలి. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షను ప్రకారం సమన్లు వీలైనంతవరకు మనిషి చేతికే ఇవ్వాలి. రెండో ప్రతి వెనక సంతకం తీసుకోవచ్చు. మనిషి దొరకకపోతే, 64వ సెక్షను ప్రకారం, అతనితో కలిసి ఉంటున్న వయసొచ్చిన మగ కుటుంబసభ్యునికి ఇవ్వవచ్చు. అదీ కుదరకపోతే, 65వ సెక్షను ప్రకారం, ఇంటికి అందరికీ కనబడే చోట అంటించాలి. బెయిలు రద్దు నోటీసులు కూడా వాడుకలో ఈ దారినే నడిచేవి. ఆ ఇంట్లో చట్టం లెక్కకు వచ్చే మనిషి లేడు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న ఆమె ఆ లెక్కలోకి రాదు.

నాన్నగారి దగ్గర జిగురు అయిపోయింది. ఆమె లోపలికి వెళ్ళి గుప్పెడు అన్నం మెతుకులు తెచ్చిచ్చింది. వాటినే మెదిపి ఆమె తలుపుకే కాగితం అంటించారు. తలారి సాక్షి సంతకం పెట్టాడు.

అంటించినంత మాత్రాన సరిపోదు. కోర్టు తగిన విచారణ చేసి, నోటీసు సక్రమంగా అందినట్లు ప్రకటించనూవచ్చు, మళ్ళీ పంపమననూవచ్చు. ఆ వెసులుబాటు చట్టంలోనే ఉంది. ఆ రోజు దాన్ని ఎవరూ అడిగినట్లు లేదు. బెయిలు రద్దయింది. ఉగాదికి మిరపకాయల మూటతో దిగిన మనిషిని పట్టుకోవలసిన వారంటు కూడా నాన్నగారి చేతికే వచ్చింది. కోతల్లో సంపాదించినది మళ్ళీ బెయిలు తెచ్చుకోవడానికి వకీలు ఫీజుకే సరిపోయిందని తరువాత విన్నాము.

కడప జిల్లా నుంచే వచ్చిన ఒక పెద్ద కేసు చూసినప్పుడు నాకు ఆ మనిషే గుర్తొచ్చాడు. వై.ఎస్. వివేకానందరెడ్డిగారు 2019 మార్చిలో పులివెందులలో హత్యకు గురయ్యారు. తొంభై రోజుల్లో అభియోగపత్రం దాఖలు కాలేదని ఎర్ర గంగిరెడ్డికి ఆ జూన్‌లో బెయిలు వచ్చింది. అలా వచ్చిన బెయిలును కూడా తగిన కారణాలుంటే రద్దు చేయవచ్చునని 2023 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏప్రిల్ 27న తెలంగాణ హైకోర్టు రద్దు చేస్తూ మే 5 లోగా లొంగిపొమ్మన్నది; ఆయన ఆ రోజు లొంగిపోయారు. నేరం సంగతి విచారణే తేల్చాలి, నా ప్రసంగం దాని గురించి కాదు. అక్కడ సుప్రీంకోర్టు దాకా ఇరుపక్షాల వకీళ్ళూ వాదించారు, లొంగిపోవడానికి గడువూ ఉంది. మావాడికి ఒక వాయిదా ఉన్నదనే తెలియదు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 66వ సెక్షనులో "మగ" అనే మాట తీసేసింది. ఇంట్లో వయసొచ్చిన వారెవరైనా సరే. కోర్టు ముద్రతో ఉన్న సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికీ దారి తెరిచింది. అయితే అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పోలీసులిచ్చే 35వ సెక్షను నోటీసును మాత్రం వాట్సాప్‌లో పంపరాదని 2025 జనవరి 21న సుప్రీంకోర్టు ఆదేశించింది. సడలించమని హర్యానా ప్రభుత్వం అడిగితే జూలైలో నిరాకరించింది. ఆ నోటీసుకు రాకపోతే అరెస్టు దాకా పోవచ్చు కదా. నాకు ఇది సబబుగానే తోచింది. ఒక్క ఫోను ఇంటిల్లిపాదీ వాడుకునే ఊళ్ళు మావి. రీచార్జి అయిపోతే అదీ మూగదే.

"మగ" అన్న మాట పోయిందని సంబరంగా నాన్నగారికి చెప్పాను. రిటైరై చాలా ఏళ్ళయినా ఆయనకు ఆ తలుపు గుర్తుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అప్పుడే ఆ మాట లేకుంటే ఆయమ్మతో వేలిముద్ర వేయించుకుని వచ్చేవాణ్ణి" అన్నారు. "ఆయప్పకు మాత్రం ఎట్లా తెలిసేది? తప్పు నా మీదినుంచి ఆయమ్మ మీదికి పోయేది, అంతే."