నొక్కి చూసింది నేను

కొట్లో సైకిల్ హ్యాండిల్ మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కాను. ముందు ఫోర్కు మెత్తగా దిగి, మళ్లీ పైకి లేచింది. ‘భలే ఉందిరా’ అన్నాను. మావాడు తలూపాడు. అంతే, బేరం అయిపోయింది. అప్పుడు వాడిది తొమ్మిదో తరగతి, బరువు 42 కిలోలు. నేను 86.

మాది వికారాబాద్. ఊరు దాటితే అనంతగిరి గుట్టలు. వాడి స్నేహితులు ఆదివారాలు ఆ మట్టిదారుల్లో తొక్కుతున్నారని వీడికీ మనసు పుట్టింది. ‘సైకిల్‌కి షాకబ్జార్బర్లేమిట్రా, అదేమన్నా మోటార్ సైకిలా?’ అని మా ఆవిడ నెలరోజులు నవ్వింది.

మూడు నెలలు తిరిగేసరికి ఆ సైకిల్ వరండాలో దుమ్ము పట్టింది. అడిగితే పరీక్షలన్నాడు. బద్ధకమని నేను రెండు మాటలు అన్నాను కూడా. ఓ రాత్రి మణికట్టుకు బామ్ రాసుకుంటూ వాళ్లమ్మ కంటపడ్డాడు. ‘రాళ్ల మీద దిగుతుంటే చేతులు అదిరిపోతున్నాయమ్మా’ అన్నాడట. నాతో మాత్రం అనలేదు. అంత డబ్బు పోసి కొన్నాను కదా, బాధపడతాననుకున్నాడు.

సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఫోర్కుకన్నా ముందు మావాణ్ని చూశాడు. ఫోర్కు గొట్టానికి ఓ ప్లాస్టిక్ టై కట్టి, కింద సీలుకు ఆనేలా జరిపి, ‘ఎక్కి కూర్చో బాబూ’ అన్నాడు. వాడు కూర్చుని దిగాక చూస్తే టై 5 మిల్లీమీటర్లు కూడా కదల్లేదు. ‘ఇది 100 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కు సార్. మనిషి ఎక్కితేనే 20, 25 దిగాలి. లోపలున్న స్టీలు స్ప్రింగు పెద్దవాళ్ల బరువుకి పెట్టింది. ఈ పిల్లాడికి ఇది ఇనుపకడ్డీతో సమానం’ అన్నాడు. పైగా ఫోర్కే రెండున్నర కిలోలు. ఎక్కుడులో దాన్ని మోసిందీ వాడే!

ఆ తర్వాత నేను ఫోర్కుల చదువు మొదలుపెట్టాను. స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసేవి ఉన్నాయి. మనిషి బరువుకు తగ్గట్టు గాలి నింపుకోవచ్చు. పిల్లాడు ఒళ్లు చేస్తే ఇంకాస్త కొట్టొచ్చు. దానికి వేరే చిన్న పంపుంటుంది, ట్యూబుకు కొట్టేది పనికిరాదు. దిగిన ఫోర్కు ఎంత వేగంగా లేవాలో సరిచేసుకునే మీట కూడా ఉండాలి. లేదంటే రాయి తగిలినప్పుడల్లా ముందుచక్రం కప్పలా ఎగురుతుంది.

మావాడు 140 మిల్లీమీటర్లది కావాలన్నాడు, ఫొటోలో బాగుందని. మెకానిక్ ఒప్పుకోలేదు. 100కి చేసిన ఫ్రేముకు అది వేస్తే ముందుభాగం లేచిపోతుంది, ఎక్కుడులో చక్రం మాట వినదు, ఫ్రేము మెడ మీద భారమూ ఎక్కువే. అన్నట్టు, 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ దిగుడు పందెం గెలిచింది రాక్‌షాక్స్ వాళ్ల తొలి ఫోర్కుతోనే. అది కదిలేది సుమారు రెండంగుళాలే! ఆ ముక్క చెప్పాకే మావాడు 100కి దిగొచ్చాడు.

ఇంకో చిక్కొచ్చింది. ఇప్పటి ఫోర్కుల్లో చాలావాటికి మెడగొట్టం కింద లావుగా, పైన సన్నగా ఉంటుంది. మా సైకిల్‌కి పట్టేది పొడుగునా 28.6 మిల్లీమీటర్లుండే పాత రకం. చక్రం సైజు, ఇరుసు, డిస్కు బ్రేకు బిగించే చోటు కూడా కలవాలి. అన్నీ కుదిరింది దొరకడానికి రెండు నెలలు పట్టింది. సైకిల్ ధరలో సగం అయింది. ఈసారి మా ఆవిడ నవ్వలేదు.

బిగించాక వాడు ఎక్కి కూర్చుని దిగాడు. గాలి కొంచెం తీసి, మళ్లీ కూర్చోబెట్టి కొలిస్తే 22. నేను అలవాటుకొద్దీ హ్యాండిల్ మీద చేతులు వేయబోయాను.

‘నాన్నా, నువ్వు నొక్కకు’ అన్నాడు.

చేతులు వెనక్కి తీసుకున్నాను. వాడు అప్పటికే గుట్టల దారి పట్టాడు.