తిరుమలగిరిలో ఒక గ్యాలరీ పాసు

"ఆదివారం తిరుమలగిరి వెళుతున్నామండీ" అని మా ఆవిడ గోడమీదుగా అనగానే పక్కింటావిడ రెండు చెంపలూ వేసుకుని, "మాకూ రెండు లడ్డూలు తెచ్చిపెట్టండి వదినా!" అంది. పాపం, తప్పు ఆవిడది కాదు. ఈమధ్యనే విజయవాడనుంచి వచ్చారు. మేం వెళ్ళే తిరుమలగిరిలో కొండ ఎక్కేదీ లేదు, గుండు చేయించుకునేదీ లేదు. సికిందరాబాదు స్టేషను దగ్గర బస్సెక్కి, జూబిలీ బస్టాండూ కార్ఖానా దాటితే వచ్చే తిరుమలగిరి అది. అక్కడ లడ్డూలు దొరకవు. ముళ్ళతీగె కంచెలూ, "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు" అనే బోర్డులూ కావలసినన్ని.

ఈ ఊరి పేరు తెల్లవాళ్ళ నోట పడి "ట్రిముల్‌గెరీ" అయింది. సిపాయిలు, గుర్రాలు, చర్చీలు, బజార్లు—కంటోన్మెంటు తాలూకు హంగులన్నీ ఇక్కడ వెలిశాయి. ఆల్ సెయింట్స్ చర్చి 1860 నాటిది. సైన్యంవారి పాత జెయిలొకటి ఉంది. దూరంనుంచి చూస్తే బురుజులతో సీమలోని రాజుగారి కోటలా ఉంటుంది. ఏ ఖైదీకైనా కోటలో ఉన్నానన్న తృప్తి కలిగిందో లేదో కనుక్కోవాలని నాకు కోరిక. మా వారపత్రిక సంపాదకులు "మన చుట్టుపక్కల ఊళ్ళు" అని నాలుగు పేజీలు రాసుకురమ్మన్నారు. జెయిలు గురించి రాద్దామని బయలుదేరాను. గేటు దగ్గర జవాను చాలా మర్యాదగా నన్ను వెనక్కి పంపించాడు. చేతిలో కాగితం లేనివాడికి లోపల పనేమిటని అతని ప్రశ్న. సమాధానం నా దగ్గర లేదు.

ఆ మాట చెబితే మా మామగారు పకపకా నవ్వారు.

మామగారంటే మా ఆవిడకు స్వయానా పినతండ్రి. ఎనభై అయిదు దాటాయి. 1966లో ఢిల్లీ వెళ్ళి, చాలా ఏళ్ళు అక్కడే విలేఖరిగా ఉండి, ఆఖరికి తిరుమలగిరి చౌరస్తాకు దగ్గర్లో మూడు గదుల ఇల్లు కట్టుకున్నారు. "విలేఖరి" అనగానే మీరు దినపత్రిక అనుకునేరు. కాదు. ఆయనది వ్యాపారుల వారపత్రిక. పొగాకు, పత్తి, నూనెగింజల ధరలు వేసే పత్రిక. దాన్ని ఇంటిల్లిపాదీ చదవరు. చదివేవాడు మాత్రం ప్రాణం పెట్టి చదువుతాడు. ఎందుకంటే డబ్బు అతనిది.

"కాగితం లేకపోతే జవాను ఆపాడా? రండి అల్లుడుగారూ, కూర్చోండి. పార్లమెంటు గేటు దగ్గర నన్ను ఎన్నిసార్లు ఆపారో లెక్కలేదు" అంటూ బీరువాలోంచి ఒక పాత కార్డు తీసి నా చేతిలో పెట్టారు. అంచులు నలిగాయి. ఫొటోలో ఆయనకు నల్లని జుట్టు. లోక్‌సభ ప్రెస్ గ్యాలరీ పాసు!

ఆ ముక్క అట్టకోసం ఆయన ఎంత తిరిగారో వింటే జాలేస్తుంది. స్పీకరుగారికి సలహా చెప్పడానికి పత్రికలవాళ్ళతోనే ఒక సంఘం ఉంటుంది. గ్యాలరీలో కుర్చీలు కొద్ది, అడిగేవాళ్ళు ఎక్కువ. వార్తాసంస్థలకూ, పెద్ద దినపత్రికలకూ సర్దగా మిగిలింది మిగతావాళ్ళకు. "పెళ్ళి విందులో మూడో బంతి మాది. అప్పటికి గారెలు అయిపోయి ఉంటాయి" అన్నారు.

ఈ బాధ మనకొక్కరికే కాదట. అమెరికాలో కాంగ్రెసు సభల గ్యాలరీ దినపత్రికలవాళ్ళ సొత్తుగా ఉండేది. వారపత్రికలూ, మాసపత్రికలూ, వ్యాపార పత్రికలూ పోరి, 1941లో తమకంటూ వేరే గ్యాలరీ సంపాదించుకున్నాయి. అక్కడ నీగ్రోల పత్రికలు చాలావరకు వారపత్రికలే కావడంతో, "దినపత్రిక అయితేనే" అన్న నియమం వాళ్ళకు గోడలా అడ్డం నిలిచింది. 1947లో పెర్సివల్ ప్రాటిస్ అనే ఆయన "అవర్ వరల్డ్" అనే పత్రిక తరఫున ఈ కొత్త గ్యాలరీలోంచే లోపలికి వెళ్ళగలిగాడు. "దొడ్డిదారి అనుకోండి, వీధి గుమ్మం మూసినప్పుడు అదీ దారే" అన్నారు మామగారు. ఆ గ్యాలరీకి ఇంకో షరతు కూడా ఉంది: పాసు పుచ్చుకున్నవాడు ఎవరి తరఫునా సభ్యుల దగ్గర పైరవీ చెయ్యకూడదు. ఈ మాట చెప్పి ఆయన కాసేపు ఊరుకున్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇంతలో అత్తయ్యగారు పెసరట్లు తెచ్చారు. అల్లం పచ్చడి ఘాటుకు నా కళ్ళు చెమర్చాయి.

"మీ జెయిలు వ్యాసం ఆగిపోయిందని బెంగపడకండి. శాసనసభలకూ మనిషిని జెయిల్లో పెట్టే అధికారం ఉంది, తెలుసునా? వారపత్రికలవాళ్ళు ఆ రుచి బాగా చూశారు."

చెప్పసాగారు. 1952లో బొంబాయి "బ్లిట్జ్" వారపత్రికకు సంపాదకుడుగా ఉన్న హోమీ మిస్త్రీని, ఉత్తరప్రదేశ్ శాసనసభ హక్కులకు భంగం కలిగించాడని బొంబాయిలో పట్టుకుని లక్నో తీసుకుపోయారు. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టలేదు. సుప్రీంకోర్టుకు అర్జీ పెట్టినాయన పేరు గుణుపాటి కేశవరాంరెడ్డి. ("పేరు వింటే చాలదూ, మనవాడని!") కోర్టు మిస్త్రీని వదిలెయ్యమంది. మళ్ళీ 1961లో ఆ పత్రికే ఆచార్య కృపలానీని ఎగతాళి చేస్తూ రాసినందుకు, సంపాదకుడు కరంజియాను లోక్‌సభలోకి పిలిపించి నిలబెట్టి మందలించారు. ఢిల్లీలోని విలేఖరి గ్యాలరీ కార్డూ, సెంట్రల్ హాలు పాసూ తీసెయ్యాలనీ, క్షమాపణ చెప్పేదాకా మళ్ళీ ఇవ్వరాదనీ హక్కుల సంఘం చెప్పింది. అప్పటి స్పీకరు ఎవరనుకున్నారు? మన తిరుచానూరువారు, మాడభూషి అనంతశయనం అయ్యంగారు!

"మా పక్కింటావిడకు చెప్పాలి, మా తిరుమలగిరికి మీ తిరుపతితో ఇంత సంబంధం ఉందని" అంది మా ఆవిడ.

1987 నాటి సంగతి నాకూ గుర్తే. మద్రాసులో "ఆనంద వికటన్" అట్టమీద ఒక బొమ్మ వేశారు. వేదికమీద ఇద్దరుంటారు. జేబుదొంగలా ఉన్నాయన ఎమ్మెల్యే, ముసుగుదొంగలా ఉన్నాయన మంత్రి. దానికి సంపాదకుడు బాలసుబ్రహ్మణ్యంగారికి మూడు నెలల కఠినశిక్ష వేసింది తమిళనాడు శాసనసభ. దేశమంతా గోల పుట్టడంతో రెండు మూడు రోజుల్లోనే విడిచిపెట్టారు. కథలూ, సీరియళ్ళూ, వంటలూ వేసుకునే పత్రిక సుమండీ అది. మన పత్రికలాంటిదే!

జెయిలు మాట వదిలి, "గ్యాలరీలో కూర్చుని రోజంతా ఏం రాసేవారు?" అని అడిగాను.

"రోజంతా రాసేది దినపత్రికవాడు. పదకొండింటికి ప్రశ్నల వేళ మొదలవుతుంది. ఎవరో అరుస్తారు, ఎవరో బయటికి నడుస్తారు. సాయంత్రానికి అతను తంతి కొట్టేస్తాడు. తెల్లారితే దేశమంతా చదువుతుంది. నా పత్రిక బయటికొచ్చేసరికి ఆ అరుపు చద్దన్నం. అందుకని అందరూ లేచి వెళ్ళిపోయాక మిగిలినవి ఏరుకునేవాణ్ణి."

ఆ ఏరుకునేవి ఏమిటో ఆయన చెప్పిన తీరు చూస్తే పొలంలో పరిగె ఏరిన మనిషే గుర్తొచ్చాడు. సభ్యుల ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్నవాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేనివాటికి కాగితంమీదనే జవాబు. ఈనాటి లెక్కలో లోక్‌సభలో రోజుకు ఇరవై మొదటిరకం, 230 రెండోరకం. ఆ ఇరవైలోనూ నోటిదాకా వచ్చేవి నాలుగైదే. జనం చూసేది ఆ నాలుగైదే. మామగారు చూసింది కట్టలు కట్టి పడేసిన రెండోరకం కాగితాలు. ఎక్కడో గుంటూరు జిల్లా సభ్యుడు అడిగి మరిచిపోయిన ప్రశ్నకు జవాబుగా, ఏ దేశానికి ఎంత పొగాకు పోయింది, ఏ గిడ్డంగిలో ఎంత మిగిలింది అని ఒక పట్టిక ఉంటుంది. ఏ దినపత్రికా దాన్ని వెయ్యదు. ఆ పట్టిక చూసుకునే చిలకలూరిపేటలో ఒక రైతు సరుకు అమ్మడమో, ఆపుకోవడమో నిర్ణయిస్తాడు. పొగాకు బోర్డు చట్టం 1975లో వచ్చినప్పుడు ఆయన ఆ గ్యాలరీలోనే ఉన్నారు. ఆ మరుసటి ఏడు బోర్డు గుంటూరులో వెలిసింది.

బడ్జెట్టు రోజు మరీ యాతన. 1999లో మార్చేదాకా ఫిబ్రవరి ఆఖరున సాయంత్రం అయిదింటికి చదివేవారు. సిగరెట్లమీద సుంకం మాట వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకు కూర్చోవడమే. అత్యవసర పరిస్థితిలో అసలు కథే వేరు. సభలో జరిగింది ఉన్నదున్నట్టు వేసుకునేందుకు ఫిరోజ్ గాంధీ 1956లో తెచ్చిన చట్టాన్నే అప్పుడు ఎత్తేశారు. 1977లో మళ్ళీ వచ్చింది.

నేను కొంచెం అత్యుత్సాహంగా, చర్చిల్ సంగతి ఎత్తాను. 1896 నవంబరులో ఆయన పోలో ఆడడానికి హైదరాబాదు వచ్చి, ఇక్కడినుంచే తల్లికి ఉత్తరం రాశాడు. ఉత్తరంమీద ఈ ఊరి పేరే ఉంది. తాను చూసిన ఆడపిల్లలందరిలోకీ అందగత్తె ఇక్కడ కనిపించిందని అందులో మురిసిపోయాడు. అప్పటికింకా ఇరవై రెండు నిండలేదు గాని, క్యూబానుంచి పత్రికకు వార్తలు రాసిన అనుభవం ఉంది. 1900లో ఏకంగా పార్లమెంటు సభ్యుడయ్యాడు.

"మనవాళ్ళూ అలా దిగినవాళ్ళున్నారు" అన్నారు మామగారు. "కోటంరాజు రామారావుగారు 1952లో, నార్ల వెంకటేశ్వరరావుగారు 1958లో రాజ్యసభకు వెళ్ళారు. గ్యాలరీ మేడమీద, సభ కింద. మెట్లు దిగితే గౌరవం పెరిగే చోటు అదొక్కటే! నేను దిగలేదు. కానీ ఒకసారి చెయ్యి కిందికి చాచాను."

1973లో జరిగిందట. పత్రిక యజమాని ఒక కవరిచ్చి, ఫలానా సభ్యుడికి సెంట్రల్ హాలులో ఇచ్చెయ్యమన్నాడు. అందులో డబ్బులేదు. టైపుకొట్టిన ప్రశ్న ఒకటి. ప్రభుత్వం ఒక సరుకు ఎగుమతిమీద ఏం చెయ్యబోతున్నదో ముందుగా బయటపెట్టించే ప్రశ్న. ఆ సరుకు యజమాని బావమరిది గిడ్డంగుల్లో ఉంది. మామగారు కాఫీ తాగుతూ ఆ కవరు అందించారు. మూడు వారాల తరవాత ప్రశ్న వచ్చింది, జవాబు వచ్చింది. ఆ జవాబును ఆయనే కట్టల్లోంచి ఏరి, మొదటి పేజీలో వార్తగా వేశారు. యజమాని ఆయనకు కొత్త సూటు కుట్టించాడు.

"ముద్గల్ సంగతి మాకందరికీ తెలుసండీ. 1951లో బొంబాయి బులియన్ వర్తకుల సంఘం దగ్గర డబ్బు తీసుకుని పార్లమెంటులో వాళ్ళ పని చూశాడని బయటపడి, రాజీనామా చెయ్యవలసివచ్చింది. నేను డబ్బు పుచ్చుకోలేదు, సభ్యుణ్ణీ కాను, నాదేం తప్పని నచ్చజెప్పుకున్నాను. మరుసటి నెల ఇంకో కవరు వచ్చింది. అప్పుడు పాసు తీసి యజమాని బల్లమీద పెట్టి, ఇది మీ కవర్లు మొయ్యడానికి ఇచ్చింది కాదన్నాను. ఎనిమిది నెలలు ఉద్యోగం లేదు. తరవాత ఇంకొక పత్రికలో చేరి, మళ్ళీ మొదటినుంచీ ఆ అట్టముక్కకోసం తిరిగాను. 2005 డిసెంబరులో, ప్రశ్నలు అడగడానికి లంచం తీసుకున్నారని పదకొండుమంది సభ్యులను తీసేసినప్పుడు, ఇక్కడ ఈ కుర్చీలోనే కూర్చుని టీవీ చూశాను. మీ అత్తయ్యకు ఆ రోజున్నూ చెప్పలేదు. ఎనిమిది నెలలూ పత్రిక మూతబడిందనే చెప్పాను."

ఎవరమూ మాట్లాడలేదు. మా ఆవిడ గ్లాసులు తీసింది.

మాట మార్చడానికి, ఇప్పుడు మళ్ళీ ఢిల్లీ వెళితే ఎలా ఉంటుందని అడిగాను. 2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనంలోకి మారాయి. అక్కడ సెంట్రల్ హాలు లేదు. 2020లో మహమ్మారి పేరుతో తగ్గించిన గ్యాలరీ పాసులకోసం విలేఖరులు ఏళ్ళతరబడి మొరపెట్టుకున్నారు. 2024 జులైలో వాళ్ళను గుమ్మం బయట ఒక అద్దాల గదిలో ఉండమన్నారని పెద్ద గొడవ జరిగింది. "అద్దాల గదిలోంచి కవర్లు అందించడం కష్టమే" అని ఆయనే నవ్వారు. "పైగా నేనెక్కడికీ వెళ్ళక్కర్లేదు. రాజ్యాంగంలో పార్లమెంటు అంటే రెండు సభలూ, రాష్ట్రపతీ. ఆ రాష్ట్రపతిగారు బొల్లారం నిలయంలో విడిది చేసినప్పుడల్లా పార్లమెంటులో మూడోవంతు మా పేటకే వచ్చినట్టు. పాసు అడిగేవాడు లేడు."

చీకటి పడుతుండగా లేచాం. అత్తయ్యగారు మా ఆవిడకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డతోపాటు ఒక పొట్లం చేతిలో పెట్టారు. గేటుదాకా వచ్చి, వెనక్కి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించి అన్నారు:

"ఆ రెండో కవరు ఆయన చొక్కా జేబులో నాకే దొరికిందమ్మా, ఉతకబోతూంటే. చదివాను. నాలుగు రోజులు ఏం చేస్తారా అని చూశాను. అయిదో రోజు సూటు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశారు. ఇంక నేనేం అడుగుతాను? గాజులు అమ్మాను, ఎనిమిది నెలలు గడిచాయి."

"బాబాయికి చెప్పలేదా పిన్నీ?"

"చెబితే, చెప్పకుండా ఉండే సుఖం ఆయనకు పోదూ!"

బస్సులో పొట్లం విప్పాం. ఇంట్లో చేసిన మినపసున్ని. రెండు ఉండలు విడిగా కాగితంలో చుట్టి, పక్కింటావిడకని తీసిపెట్టింది మా ఆవిడ.